రెండు నిమిషాల భయం నుంచి ఫస్ట్ కాపీ దాకా: సొంతంగా హారర్ తీసిన నా అనుభవం

హారర్ తీద్దామని కృష్ణానగర్‌కు వచ్చే కుర్రాళ్లు ముందు అడిగే మాట, "ఎంతలో అయిపోతుందన్నా?" నేను తిరిగి అడిగేది ఒకటే. ఇది చూశాక నీ తర్వాతి సినిమాకు డబ్బు పెట్టాల్సింది ఎవరు, ఆయన అనుమానమేంటి? మూడు షార్ట్ ఫిల్ములు, ఒక పూర్తి సినిమా అయ్యాక నాకు తేలిన లెక్క ఇది. రెండు నిమిషాల ఫిల్ము "ఇతనికి భయపెట్టడం వచ్చా?" అన్న అనుమానం తీర్చాలి. పన్నెండు నిమిషాలది "నటులచేత చేయించగలడా, కథ మోయగలడా?" అన్నది తీర్చాలి. మొదటి సినిమా "ఒప్పుకున్న డబ్బులో, ఒప్పుకున్న తేదీకి ఫస్ట్ కాపీ, అంటే పనులన్నీ పూర్తయిన సినిమా, చేతిలో పెడతాడా?" అన్నది తీర్చాలి. రెండు నిమిషాల్లోనే ఫ్లాష్‌బ్యాక్, అమ్మ సెంటిమెంటు, చివర్లో మలుపు అన్నీ కుక్కితే ఏ అనుమానమూ తీరదు.

ఈ దారి ఎప్పుడో పడింది. హాలీవుడ్ దర్శకుడు శామ్ రైమి 1978లో సూపర్ 8 ఫిల్ము మీద 'విదిన్ ద వుడ్స్' అని అరగంట నమూనా తీసి, దాన్ని పెట్టుబడి పెట్టగల వాళ్లకు చూపించి 'ఈవిల్ డెడ్'కు డబ్బు పోగేశాడు. స్వీడన్ దర్శకుడు డేవిడ్ శాండ్‌బెర్గ్ 2013లో తన ఫ్లాట్‌లోనే, భార్యే నటిగా, మూడు నిమిషాల లోపు 'లైట్స్ అవుట్' తీశాడు. మాటలు లేవు. లైటు ఆర్పితే ఆకారం ఉంటుంది, వేస్తే ఉండదు. అంతే. అది నెట్‌లో పాకాక 2016లో అదే పేరుతో హాలీవుడ్ సినిమా అయింది, దర్శకుడు ఆయనే, స్క్రీన్‌ప్లే మాత్రం వేరే రచయితది. ఇక్కడ మనం పట్టుకోవాల్సింది ఒకటుంది. షార్ట్ ఫిల్ము పాకిన వారంలోనే "దీనికి పెద్ద కథ ఉందా?" అని ఎవరో అడుగుతారు. అప్పుడు పంపడానికి ఐదారు పేజీల కథాసంగ్రహం చేతిలో లేకపోతే ఆ ఫోను మళ్లీ రాదు. అందుకే ఫిల్ము నెట్‌లో పెట్టడానికి ముందే ఆ పేజీలు రాసి, రచయితల సంఘంలో రిజిస్టర్ చేసి ఉంచుతాను.

ముందు రెండు నిమిషాల ఫిల్ము సంగతి. ఒక చోటు, ఒక మనిషి, ఒక నియమం. ఆ నియమం కంటితో చూసి అర్థమవ్వాలి, ఎవరూ నోటితో చెప్పకూడదు. రాసుకున్న కథను తెలుగు రాని మనిషికి చూపులతో, చేతులతో చెప్పి చూడండి. ఆయనకు అందకపోతే ఆ నియమం ఇంకా పండలేదన్నమాట.

కెమెరా దగ్గర కొత్తవాళ్లందరూ చేసే మొదటి తప్పు ఫ్లికర్, అంటే లైటు మిణుకును పట్టించుకోకపోవడం. మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకు 24 ఫ్రేముల్లో తీస్తూ షట్టర్ 180 డిగ్రీల్లో పెడితే ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం సెకనులో 48వ వంతు అవుతుంది, అది కరెంటు లయతో కలవదు. ఇంట్లోని ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీ బల్బులు ఫ్రేములో సన్నగా అలల్లా కొట్టుకుంటాయి. సెట్లో చిన్న మానిటర్ మీద కనబడదు, ఎడిట్‌లో బయటపడుతుంది. షట్టర్ 172.8 డిగ్రీలకు, అంటే 50వ వంతుకు మార్చితే చాలావరకు పోతుంది. డిమ్మర్ మీద తగ్గించిన ఎల్ఈడీ మాత్రం అప్పటికీ కొట్టుకుంటుంది. దానికి బల్బు మార్చడం తప్ప మందు లేదు. లొకేషన్ చూడ్డానికి వెళ్లిన రోజే ప్రతి గదిలో లైటు వేసి పది సెకన్లు తీసి తెచ్చుకోండి.

రెండో తప్పు చీకటిని చీకటిగానే తీయడం. తెర మీద చీకటి అంటే వెలుతురు లేకపోవడం కాదు, వెలుతురు ఎక్కడ ఆగిందో కనబడటం. గది వెనక గోడ మీద ఒక మసక వెలుగు, నటి చెంపకు పక్క నుంచి ఒక గీత, కంట్లో ఒక మెరుపు. ఈ మూడూ ఉంటే మిగతాదంతా నల్లగా వదిలేయొచ్చు. చీకట్లో పనికొస్తుందని ఇప్పుడు అందరూ అద్దెకు తీసుకునే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలు కొన్నిటికి రెండు బేస్ ఐఎస్ఓలు, అంటే మచ్చలు తక్కువగా ఉండే రెండు సున్నితత్వ స్థాయిలు ఉంటాయి, రెండోది 12,800. భయపడి 6,400 దగ్గర ఆగిపోతారు, నిజానికి అక్కడే మచ్చలు ఎక్కువ. 12,800కు పోయి, ఎక్కువైన వెలుతురును లెన్సు ముందు పెట్టే నల్లటి ఎన్‌డీ ఫిల్టరుతోనో లైటు తగ్గించో కోయాలి. డీఐలో, అంటే చివర్లో రంగులు దిద్దేటప్పుడు, పైకి లాగుదాంలే అనుకుని తక్కువ వెలుతురులో తీసినది ఎప్పుడూ బాగుపడలేదు. లాగితే పైకొచ్చేది నీడలో ముఖం కాదు, నీడలో ఉన్న గ్రెయిన్, అంటే ఆ సన్నటి మచ్చలు.

కోనసీమ వైపు రాత్రి షూటింగులకు వెళ్లేవాళ్లకు ఇంకో మాట. ఏసీ గదిలోంచి తీసిన లెన్సు బయటి తేమకు క్షణాల్లో మసకబారుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. బ్యాగు జిప్పు తీయకుండా అరగంట, ముప్పావుగంట బయట పెట్టి, వేడి సమమయ్యాకే తెరవాలి. ఆ రోజు పనుల పట్టిక అయిన కాల్ షీట్‌లో ఆ ముప్పావుగంట రాసి ఉండకపోతే మొదటి షాట్ పోయినట్టే.

ఇక శబ్దం. హారర్‌లో నేను డబ్బు కోయని విభాగం ఇదొక్కటే. బొమ్మ కాస్త గరుకుగా ఉన్నా ప్రేక్షకుడు సర్దుకుంటాడు, గదిలో గాలి శబ్దం తెగితే మాత్రం కథలోంచి బయటికొచ్చేస్తాడు. షాటుకు ముందు ఫ్యాను, ఫ్రిజ్, ఇన్వర్టర్ మూడూ ఆపాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళాలు అందులో పెట్టేయండి, వెళ్లేముందు తాళాల కోసం వెతికితే ఫ్రిజ్ వేయడం గుర్తొస్తుంది. లేదంటే ఇల్లిచ్చిన అత్తయ్యగారి పాలూ పెరుగూ పాడై, రెండో రోజు ఆ ఇల్లు మనకు దొరకదు. ప్రతి గదిలో యూనిట్ మొత్తం కదలకుండా నిలబడి ఒక నిమిషం ఖాళీ శబ్దం రికార్డు చేయాలి. రాత్రి ఆరుబయట అయితే కీచురాళ్లది విడిగా మూడు నిమిషాలు. టేకు టేకుకూ కీచురాళ్ల మోత మారిపోతుంది కాబట్టి, రెండు టేకుల్ని అతికిస్తే కట్ దగ్గర చెవికి గతుకు తగులుతుంది. విడిగా తీసిన ట్రాకును కింద పరిస్తే ఆ గతుకు పూడుతుంది.

ఉలికిపాటు గురించి చాలా పాడైపోయిన అలవాటు ఒకటుంది. దెయ్యం రాబోయే ముందు మూడు సెకన్లు నిశ్శబ్దం చేయడం. ఇప్పుడు పదేళ్ల పిల్లలకు కూడా అది తెలుసు, చెవులు మూసుకుంటారు. గదిలో శబ్దం అలాగే నడుస్తుండగా, వాక్యం మధ్యలో, ఊపిరి మధ్యలో కొట్టాలి. ఇంకోటి, కింది స్థాయి ఘీంకారాలను నమ్ముకోకండి. స్టూడియో స్పీకర్లలో 40 హెర్ట్జ్ మోత గుండెల్లో మోగుతుంది, ఫోను స్పీకర్‌లో అసలు వినబడదు. మన ఫిల్ము చూసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్లోనే చూస్తారు కనుక, అదే దెబ్బకు గోరు గీరినట్టో, తలుపు బందు కిర్రుమన్నట్టో మధ్య స్థాయి శబ్దాన్ని ఒక పొరగా కలపాలి. యూట్యూబ్ మైనస్ 14 లఫ్స్ (శబ్దం గట్టిదనాన్ని కొలిచే లెక్క) కంటే గట్టిగా ఉన్నదాన్ని తగ్గిస్తుంది తప్ప, మెల్లగా ఉన్నదాన్ని పెంచదు. కాబట్టి గుసగుసలు మరీ కిందికి పోకుండా యూట్యూబ్‌కు ఒక మిక్స్, థియేటర్‌కు ఇంకో మిక్స్ చేయించుకోవాలి. వీడియోను 4కేలో ఎక్కిస్తే వాళ్ల కుదింపు కాస్త మెరుగ్గా ఉంటుంది, చీకటి గోడల మీద మెట్లు మెట్లుగా పడే గీతలు తగ్గుతాయి. ఎక్కించే ముందు సన్నటి గ్రెయిన్ కలిపితే ఇంకా తగ్గుతాయి.

రక్తం సంగతి చిన్నగా. పంచదార పాకం, ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు కోకో పొడి, నీలం ఒక చుక్క. నీలం పడకపోతే టమాటా సాస్‌లా ఉంటుంది. పాకానికి రాత్రి రెండు గంటలకు చీమలు పట్టి, నేల మీద పడుకోవాల్సిన ఆర్టిస్టు పాపం లేచి పారిపోతుంది. ఆరుబయట అయితే పాకం బదులు పల్చటి మైదా గంజి వాడండి. దుస్తులు ఒకే రకంవి మూడు జతలు ఉండాలి. రంగు చర్మం మీద ఎంతసేపు నిలుస్తుందో ముందురోజే ఆర్టిస్టు మోచేతి మీద రాసి చూడాలి. దురద వస్తే తెలిసేదీ అప్పుడే.

పన్నెండు నిమిషాల ఫిల్ము దగ్గర పరీక్ష మారుతుంది. ఇక్కడ భయం కంటే ముందు మనుషులు కావాలి. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఆ ఇంట్లో ఏదో సరిగ్గా లేదని మనకు తెలియాలి. ఇది సింక్ సౌండ్‌లోనే, అంటే షూటింగులో మాటలు అక్కడికక్కడే రికార్డు చేస్తూ తీయమంటాను. వణికే గొంతును నెల తర్వాత డబ్బింగ్ గదిలో ఏసీ కింద నిలబడి తెప్పించడం మంచి నటులకే కష్టం.

తీశాక ఎక్కడ పెట్టాలన్నది పెద్ద తికమక. ముందు యూట్యూబ్‌లో పెట్టేస్తే, మొదటి ప్రదర్శన మాదే కావాలనే ఫెస్టివల్ తలుపులు మూసుకుంటాయి. కాబట్టి వరస ఇది: ఏడాదిపాటు పాస్‌వర్డ్ ఉన్న లింకుతో ఫెస్టివల్స్, ఆ తర్వాతే నెట్. ఫీజులు తొందరగా పంపేవాళ్లకు తక్కువ, గడువు దగ్గరపడేకొద్దీ ఎక్కువ. అందుకే ఎడిట్ పూర్తయ్యే తేదీని ఫెస్టివల్ తేదీలు చూసి పెట్టుకోవాలి. పేరు వినని ముప్పై పోటీలకు పంపి పోస్టరు నిండా ఫెస్టివల్ గుర్తుల ఆకులు అతికించుకోవడం కంటే, ఈ రకం సినిమాల కోసమే ఉన్న నాలుగైదు చోట్లకు పంపడం మేలు. స్పెయిన్‌లో సిట్జెస్, మాంట్రియల్‌లో ఫాంటేసియా, దక్షిణ కొరియాలో బుచన్, లండన్‌లో ఫ్రైట్‌ఫెస్ట్. బుచన్‌లో ఇంకా తీయని సినిమాలకు పెట్టుబడిదారుల్ని కలిపే ప్రాజెక్టు మార్కెట్ కూడా ఉంది. మనకు దగ్గరగా గోవాలో ఫిల్మ్ బజార్ (ఇప్పుడు వేవ్స్ ఫిల్మ్ బజార్) అనే సినిమా మార్కెట్. పంపే ప్రతి లింకు మీదా ఎవరికి పంపామో తెలిసేలా వాటర్‌మార్క్ వేయండి. కైల్ ఎడ్వర్డ్ బాల్ 15,000 డాలర్లతో తన చిన్ననాటి ఇంట్లో తీసిన 'స్కినమరింక్' ఒక ఆన్‌లైన్ ఫెస్టివల్ నుంచి విడుదలకు ముందే బయటికి పొక్కింది. దాని అదృష్టం బాగుండి అదే ప్రచారమైంది. మన సినిమా పొక్కితే కొనేవాడు తగ్గించడానికి సాకు దొరుకుతుంది.

ఇక పూర్తి సినిమా. ఒక ఇల్లు, నలుగురు మనుషులు. ఓరెన్ పెలి 'పారానార్మల్ యాక్టివిటీ'ని 2006లో తన సొంతింట్లో, వారం రోజుల్లో, 15,000 డాలర్లలో తీశాడని విని అందరూ ఉత్సాహపడతారు. అది థియేటర్లకు వచ్చింది 2009లో. మధ్యలో ఉన్న మూడేళ్లను ఎవరూ బడ్జెట్‌లో రాయరు. ఆ మూడేళ్లు అద్దె, బియ్యం ఎక్కణ్నుంచి వస్తాయో తేల్చుకోకుండా కొబ్బరికాయ కొట్టొద్దు. నాకు తెలిసినంతలో మధ్య కాలానికి అన్నిటికన్నా మంచి తిండి సౌండ్ ఎడిటింగ్, ట్రైలర్ కటింగ్. డబ్బూ వస్తుంది, చేయీ పదునెక్కుతుంది. పెళ్లి వీడియోలు కూడా తక్కువ పనేం కాదు, రాత్రిపూట మసక వెలుతురులో కదిలే మనుషుల్ని ఫోకస్‌లో పట్టడం అక్కడే వస్తుంది.

షెడ్యూల్ వేసేటప్పుడు రాత్రిని గంటల్లో లెక్కపెట్టండి. వేసవిలో చీకటి పడి మళ్లీ వెలుగొచ్చేసరికి పది గంటలు దక్కుతాయి. భోజనం, లైటింగు, మేకప్ పోగా కెమెరా తిరిగేది ఏడు గంటలు, పన్నెండు పధ్నాలుగు షాట్లు. డిసెంబరులో ఇంకో గంటన్నర, రెండు గంటలు కలిసొస్తాయి. తెల్లారుజామున మూడు తర్వాత తీసినవి ఎడిట్‌లో సగం పడేస్తాం, ఎందుకంటే అప్పటికి ఎవరి బుర్రా పనిచేయదు. అందుకే మేము ఇంటి లోపలి రాత్రి సీన్లన్నీ పగలే తీశాం. కిటికీలకు బయటివైపు నుంచి రెండు మడతల నల్లగుడ్డ, గుడ్డకూ కిటికీకీ మధ్య మూడడుగుల ఖాళీ. ఆ ఖాళీలో చిన్న నీలి లైటు పెడితే వెన్నెల కిటికీలోంచి పడినట్టే ఉంటుంది. గుడ్డ లోపలివైపు కడితే కిటికీ నల్ల పలకలా కనబడి మోసం తెలిసిపోతుంది. నిజమైన రాత్రుళ్లు పెరటికీ, వీధికీ మాత్రమే దాచుకున్నాం. జనరేటర్ అద్దె, రాత్రి బేటాలు తగ్గాయి. యూనిట్ నిద్రపోయింది కూడా, నా దృష్టిలో అదే అసలు లాభం.

డబ్బు పంపకంలో ఒక గీత గీసి దాటకండి. మొత్తంలో నూటికి 35 వంతులు గుమ్మడికాయ కొట్టిన తర్వాతి పనులకు, అంటే ఎడిట్, డీఐ, సౌండ్, ఆర్ఆర్ (నేపథ్య సంగీతం), సెన్సార్, కాపీలకు. అది వేరే ఖాతాలో ఉండాలి. చిన్న సినిమాలు ల్యాబుల్లో ఆగిపోయేది కథ బాగాలేక కాదు, ఆ డబ్బు షూటింగు చివరి వారంలో కరిగిపోయి.

కాగితాల దగ్గర మొహమాటం పనికిరాదు. మనవాళ్లే కదా అని రచయిత స్నేహితుడితో, సంగీతం ఇచ్చిన తమ్ముడితో, ఇల్లిచ్చిన బాబాయితో రాసుకోకుండా తీసేస్తాం. కొనడానికి వచ్చిన సంస్థ మొదట అడిగేది ఆ కాగితాల గొలుసునే. కథ ఎవరిది, ఎవరికి రాసిచ్చారు, పాట ఎవరిది, ప్రతి నటుడి సంతకం ఉందా. ఒక్క లంకె తెగినా చెక్కు ఆగుతుంది. జార్జ్ రొమేరో బృందం 1968లో తీసిన 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' పేరు మార్చినప్పుడు ప్రింటు మీది కాపీరైటు పంక్తి ఎగిరిపోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ సినిమా ఎవరైనా వాడుకోదగ్గదైపోయింది. ఒక్క పంక్తికి అంత నష్టం. నాకైతే ఉచితమని రాసి ఉన్న లైబ్రరీ నుంచి తీసుకున్న గాలి శబ్దానికి రెండేళ్ల తర్వాత హక్కుల క్లెయిమ్ వచ్చింది. అప్పటి నుంచి ప్రతి శబ్దానికి లైసెన్సు పేజీని డౌన్‌లోడ్ చేసిన తేదీతో దాస్తున్నాను.

హారర్‌కు సెన్సార్ దగ్గర చిక్కులు స్క్రిప్టులోనే మొదలవుతాయి. నల్ల పిల్లి, కాకి, మేక, ఏ జంతువును చూపించినా షూటింగుకు ముందే జంతు సంక్షేమ మండలి అనుమతి తీసుకోవాలి. గ్రాఫిక్స్‌లో చేసినా దానికి కాగితం చూపాలి. చాలామంది తీసేశాక తెలుసుకుని ఆ షాట్లు కోసుకుంటారు. పొగ తాగే షాటుంటే ముందూ మధ్యలోనూ ప్రకటనలు, ఆ షాటు మీద హెచ్చరిక తప్పవు. పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చనే యూఏ సర్టిఫికెట్ ఒకప్పుడు ఒకటే, ఇప్పుడు 7, 13, 16 ఏళ్ల మెట్లుగా విడిపోయింది. పెద్దలకు మాత్రమే అనే 'ఎ' (A) సర్టిఫికెట్ వస్తే టీవీలో వేయడానికి కుదరదు, దాంతో శాటిలైట్ ధర, అంటే టీవీ హక్కుల ధర పడిపోతుంది. కాబట్టి గొంతు కోసే షాటు లాంటివి రెండు రకాలుగా తీయండి, ఒకటి కత్తి మీద, ఒకటి చూస్తున్న మనిషి ముఖం మీద. నా అనుభవంలో ఎప్పుడూ రెండోదే ఎక్కువ భయపెట్టింది. నేరుగా ఓటీటీకి వెళ్లే సినిమాకు సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు, వేదికే వయసు మెట్టు వేస్తుంది.

మనదగ్గర ఓటీటీ మెట్టు నిజంగా పనిచేసిన ఉదాహరణ 'మా ఊరి పొలిమేర'. 2021లో నేరుగా హాట్‌స్టార్‌లో వచ్చింది. ఇంట్లో కూర్చుని చూసిన జనమే 2023 నవంబరులో రెండో భాగానికి థియేటరుకు వచ్చారు. మొదటి సినిమా తెచ్చిన డబ్బు కంటే అది తెచ్చిన ప్రేక్షకులు రెండోదానికి పనికొస్తారని చిన్న నిర్మాతలకు అది చూపించింది.

అమ్మకం మాట్లాడేటప్పుడు ఏకమొత్తమా, చూసిన గంటల లెక్కనా అన్నది ముందు తేల్చుకోండి. గంటల లెక్కలో మధ్యవర్తి సంస్థ కోత ఎంత, లెక్కలు ఎన్ని నెలలకోసారి చూపిస్తారు, ఎన్నేళ్లకు హక్కులు తిరిగొస్తాయి అన్నవి కాగితం మీద ఉండాలి. "చూద్దాంలే సార్" అంటే లేనట్టే. ఇవ్వాల్సిన సరుకు జాబితా కూడా అప్పుడే అడిగి తెచ్చుకోవాలి. మాస్టర్ ఫైలు, 5.1 మిక్స్, స్టీరియో మిక్స్, మాటలు తీసేసి సంగీతం, శబ్దాలు మాత్రమే ఉన్న ట్రాకు, అక్షరాలు లేని బొమ్మ, సబ్‌టైటిళ్లు. మాటలు లేని ట్రాకు షూటింగు సౌండు నుంచి దానంతటది రాదు. సింక్ సౌండ్‌లో అడుగుల చప్పుడు మాటతో కలిసే ఉంటుంది కాబట్టి దాన్ని ఫోలీలో, అంటే స్టూడియోలో బొమ్మ చూస్తూ చప్పుళ్లు చేసే చోట, మళ్లీ చేయించాలి, నాలుగైదు రోజుల పని. ఇంకో భాషలో డబ్బింగ్ అమ్ముడయ్యేది ఆ ట్రాకు వల్లే, కాబట్టి దాన్ని ఆర్ఆర్ జరుగుతున్నప్పుడే చేయించేయండి. తర్వాత చేయిద్దామంటే సౌండ్ ఇంజనీరు వేరే సినిమాలో ఉంటాడు.

రీమేక్, రెండో భాగం, సిరీస్ హక్కుల్ని సినిమా హక్కులతో కలిపి రాయించేసుకునే ఒప్పందాలే ఎక్కువ. ధర తగ్గినా సరే, రెండో భాగం హక్కు విడిగా మీ దగ్గరే ఉంచుకోండి. మొదటి ఒప్పందం మీద నేను సంతకం పెట్టేటప్పుడు పదకొండో పేజీలో ఆ రెండు పంక్తులు కొట్టించడానికి మూడు వారాలు పట్టింది, మధ్యలో ఒకసారి బేరం చెడింది కూడా. ఇప్పుడు రెండో సినిమా కథ చెప్పడానికి వెళ్తూ బ్యాగులో పెట్టుకునేవి నాలుగే: ఆ ఒప్పందం నకలు, ఖర్చు లెక్కల పుస్తకం, కాపీ అప్పగించినట్టు తేదీతో సహా వచ్చిన రసీదు, రెండు నిమిషాల కొత్త నమూనా.